పద్నాలుగవ ఆట, శనివారపు తెలుగు తరగతి



ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక విద్యార్థి తండ్రిగారు ఆ మధ్య నన్ను చూడవచ్చారు. వారిది హోసూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. "అయ్యవారూ, శనివారం తెలుగు క్లాసుకు మావాణ్ణి పంపేకి కాదు. చెస్ కోచింగుకు పోవల్ల. తెలుగు ఎట్లా ఇంట్లో మాట్లాడుతున్నాడు గదా, అది చాలదా?" అన్నారు.

ఆ మాటలో నాకు అమర్యాద కనిపించలేదు. ఆయన లెక్క ఆయనకు ఉన్నది. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత మన పిల్లలకు తమిళం తప్పనిసరి మొదటి భాష అయినది, తెలుగు ఐచ్ఛికమైనది. ఐచ్ఛికమైన దానికి శనివారం ఉదయం ధారపోయడం దండుగ అని ఒక తండ్రి అనుకొంటే, ఆయనను తప్పుపట్టే ముందు మనం ఆ శనివారం ఉదయం ఏమి చెబుతున్నామో చూసుకోవాలి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వచ్చే వారం మాట్లాడుదామని పంపించాను. ఆ వారం రోజుల్లో నాకు తోచినదానినే ఇక్కడ విన్నవించుకొంటున్నాను.

2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. 1985లో ఇరవైరెండేళ్ళకు విజేత అయిన కాస్పరోవ్ కంటే చిన్నవాడు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి బిడ్డ. ఆ సాయంత్రమే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మన తెలుగు అబ్బాయి అని అభినందించారు. తమిళనాడు ప్రభుత్వం మా చెన్నై బిడ్డ అని ఐదు కోట్ల రూపాయల బహుమానం ప్రకటించింది. తరువాత కొన్ని రోజులు అతడు ఎవరివాడు అన్న వాదులాట రెండు భాషలలోనూ సాగింది. మా వీధిలో కూడా సాగింది. ఆ వాదులాటలో నేనూ ఒక చెయ్యి వేశానని దాచను. ఈ నేలమీద తెలుగువాడుగా ఉంటూ తమిళం చదువుకొని బ్రతుకుతున్న మాబోటివారికి ఆ కుర్రవాని విజయం ఒక ప్రత్యేకమైన సంతోషం. రెండూ అతడే గదా! అటువంటప్పుడు ఒకటి తీసివేయడం ఎందుకు?

అయితే ఒక సంగతి నన్ను చాలాకాలం బాధించింది. మనవాడు మనవాడు అన్నాము, అతడు ఆడిన ఆటను మన భాషలోనికి తెచ్చుకొన్నామా? అతడు గెలిచాడని తెలుగులో చదివాము. ఎట్లా గెలిచాడో చదవాలంటే ఇంగ్లీషులోనికి పోవలసి వచ్చింది. ఏ ఎత్తుకు ఏ పైఎత్తు వేశాడు, ఎదుటివాడు ఎక్కడ జారాడు అన్నది తెలుగులో చెప్పుకోలేకపోతే, మన తెలుగుతనం ఇంటిపేరు దగ్గర ఆగిపోయినట్లే.

విచిత్రమేమంటే ఈ ఆట మాటలన్నీ మన నోళ్ళలోనే ఉన్నవి. పావులు కదపడం, ఎత్తుకు పైఎత్తు, ఆట కట్టించడం, ఇవి లేకుండా ఎన్నికల వార్త ఒక్కటీ వ్రాయలేరు. ఆట పేరే ప్రకృతి వికృతుల పాఠంలో ఉదాహరణ: చతురంగము, చదరంగము. రాజకీయాలకు ఉపయోగించే మాటలను అసలు బల్ల మీదికి మళ్ళీ తేవడానికి మాత్రం మనకు చేతకాలేదు.

ఆ పిల్లవానిని పిలిచాను. "గుకేశ్ కడపటి ఆట నీకు తెలుసునా?" అన్నాను. తెలియకేమి! బల్ల పరిచాడు. నాకు ఇంట్లో ఆడుకొనే చదరంగం తప్ప తెలియదని ముందే చెప్పాను. నాకు అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పమన్నాను.

అప్పటికి ఇద్దరికీ ఆరున్నర చొప్పున సమానమైన అంకాలు. పద్నాలుగవ ఆట ఆఖరిది. ఇది సమమైతే మరునాడు తక్కువ కాలపు వేగపు ఆటలతో తేల్చుకోవాలి. చైనా దేశపు డింగ్ లిరెన్ 2023లో ప్రపంచ విజేత అయినది అటువంటి వేగపు ఆటలలోనే. కనుక ఆ రోజు ఆట సమమైనా అతనికి నష్టమేమీ లేదు. తెల్లపావులు అతనివి, నల్లపావులు గుకేశ్‌వి.

పిల్లవాడు మొదలుపెట్టాడు: "నైట్ ఎఫ్3, డి5, జి3, సి5, బిషప్ జి2, నైట్ సి6, డి4, ఇ6." ఎక్కం అప్పగించినట్లు పది ఎత్తుల వరకు ఆగకుండా వచ్చాడు. ఈ ఆరంభానికి పేరేమన్నాను. "రివర్స్‌డ్ గ్రూన్‌ఫెల్డ్" అన్నాడు. అంటే ఏమన్నాను. అక్కడ ఆగిపోయాడు.

ఆ ఆగడం చూసి నాకు నవ్వు రాలేదు. మన తరగతుల్లో పద్యం అప్పగించే పిల్లవాడు అచ్చంగా ఇట్లాగే ఆగుతాడు. యతి ప్రాసలు తప్పకుండా చదువుతాడు, భావమడిగితే పైకప్పు చూస్తాడు. కంఠస్థం తప్పని నేననను. ఆ పది ఎత్తులు నోటికి వస్తేనే కడమ ఆటకు బుద్ధి మిగులుతుంది. కానీ ప్రతి ఎత్తు వెనుక "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు సొంత మాటలలో చెప్పలేనివాడు పదకొండవ ఎత్తున ఒంటరివాడైపోతాడు.

మేమిద్దరం కూర్చుని విప్పుకొన్నాము. తెల్లవాడు మొదట గుర్రాన్ని తీశాడు, బంటును కాదు. నడిబల్లను బంట్లతో ఆక్రమించనక్కరలేదు, దూరం నుంచి పావులతో కాపు వేయవచ్చు అన్న పద్ధతి ఇది. ఇట్లా గుర్రంతో మొదలుపెట్టే రిచర్డ్ రేతి 1924లో న్యూయార్కులో కాపబ్లాంకాను ఓడించాడు. అంతకు ముందు ఎనిమిదేళ్ళుగా కాపబ్లాంకా ఎవరికీ ఓడలేదు. ఇక గ్రూన్‌ఫెల్డ్ అన్నది వియన్నాకు చెందిన ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్ పేరు. 1922లో పెద్ద పోటీలలో ఆయన ఆడిన పద్ధతి అది. నల్లవాడు నడిబల్లను ఎదుటివానికి వదలి, శకటాన్ని పక్కన నిలిపి, మూలనుంచి మూలకు సాగే పొడవైన గళ్ళ వరుస మీదుగా ఆ నడిబల్లను దెబ్బతీస్తాడు. ఇక్కడ ఆ పని నల్లవాడు కాక తెల్లవాడు చేస్తున్నాడు, అదీ ఒక ఎత్తు ముందుండి. కాబట్టి "తిరగవేసిన గ్రూన్‌ఫెల్డ్" అని పెట్టుకొన్నాము. గ్రూన్‌ఫెల్డ్‌కు తెలుగు వెదకలేదు. మనుషుల పేర్లను తెనిగించడం నాకు ఇష్టంలేని పని.

ఎనిమిదవ ఎత్తులో తెల్ల మంత్రి నడిబల్లకు వచ్చి గుర్రాన్ని తీసికొన్నాడు. తొమ్మిదవ ఎత్తులోనే తిరిగి తన ఇంటికి, డి1కు పోయాడు. ఒక బాలిక అడిగింది: "వచ్చిందెందుకు, పోయిందెందుకు?" నల్లవాని రెండవ గుర్రం సి6కు వచ్చి బెదిరించినది కనుక పోయాడు. పోగానే నల్లవాడు డి గడిలోని బంటును ముందుకు తోసి నడిబల్లలో నిలబెట్టాడు. "కనుక", "పోగానే", "తోసి" అన్న మూడు మాటలను నల్లబల్ల మీద వ్రాశాను.

ఈ ఆరంభాలు ఒక్కని పని కాదని కూడా పిల్లలకు చెప్పాను. గుకేశ్ వెనుక పోలెండు దేశస్థుడు గయెవ్‌స్కీ నాయకత్వంలో ఒక బృందం పనిచేసింది. అందులో గుంటూరులో పుట్టిన మన పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడని పోటీ ముగిసిన తరువాత తెలిసింది. మొదటి ఎత్తులకు అందరి తోడూ ఉంటుంది.

నడుమ భాగాన్ని ఇక్కడ వివరించబోను. పద్దెనిమిదవ ఎత్తు మొదలు ముప్ఫయి రెండవ ఎత్తు దాకా వరుసగా మార్పిడులు జరిగినవి. డింగ్ ఇరవై తొమ్మిదవ ఎత్తులో ఒక బంటును వదలుకొని ఆటను తేలిక చేసికొన్నాడు. చివరకు చెరొక ఏనుగు, చెరొక శకటం, గుకేశ్‌కు మూడు బంట్లు, డింగ్‌కు రెండు, అన్నీ బల్లకు ఒకే ప్రక్కన మిగిలినవి. ఇటువంటి ముగింపు జాగ్రత్తగా ఆడితే సమం కావలసినది. నల్లవాడు మాత్రం సమానికి ఒప్పుకోలేదు. మరి ఇరవై ఎత్తులకు పైగా రాజును నడిపించుకొంటూ, ఏనుగును అటు ఇటు త్రిప్పుతూ, ఎదుటివానిని ఆలోచించక తప్పని స్థితిలో ఉంచాడు.

యాభై అయిదవ ఎత్తు దగ్గరకు వచ్చాము. బల్ల మీద స్థితి ఇది. తెల్లరాజు జి1లో, ఏనుగు ఎఫ్4లో, శకటం ఎ8 మూలలో, ఒక్క బంటు జి3లో. నల్లరాజు ఇ5లో, ఏనుగు బి2లో, శకటం ఇ6లో, బంట్లు ఎఫ్5, జి4లలో. డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చాడు. ఏనుగుల మార్పిడి జరిగితే ఆట ఇంకా తేలికవుతుందని కాబోలు. గుకేశ్‌కు కూడా మొదట తెలియలేదట. ఏనుగును బి3కి తీయబోయి, అంతలో చూశానని తరువాత విలేఖరులకు చెప్పాడు.

ఏమి చూశాడు? ఇక్కడే మా తరగతి మొదలైనదని చెప్పాలి. తొమ్మిది మంది పిల్లలు బల్ల చుట్టూ చేరారు. ఒకరు చెప్పడం, ఇంకొకరు వ్రాయడం. వారు వ్రాసినదాన్ని అక్షరదోషాలు మాత్రం దిద్ది ఇస్తున్నాను:

"తెల్ల ఏనుగు ఎఫ్2కు వచ్చి మార్పిడి అడిగింది. నల్ల ఏనుగు దాన్ని తీసికొంది. తెల్లరాజు నల్ల ఏనుగును తీసికొన్నాడు. అప్పుడు నల్ల శకటం డి5కు వచ్చి మూలలో ఉన్న తెల్ల శకటానికి ఎదురుగా నిలబడింది. తెల్ల శకటం బి7కు పోతే దొరుకుతుంది, సి6కు పోయినా దొరుకుతుంది, కదలకపోతే ఉన్నచోటనే పోతుంది. తానే ముందు తీసికొంటే నల్లరాజు దాన్ని తీసికొని డి5కు వస్తాడు. శకటం మూలలో లేకుంటే తప్పించుకొని ఉండేది."

ఉపాధ్యాయ మిత్రులు ఈ ఆరు ఏడు వాక్యాలను మళ్ళీ ఒకసారి చదవాలని కోరుతున్నాను. "వచ్చి", "తీసికొని" క్త్వార్థకాలు. "పోతే", "తీసికొంటే" చేదర్థకాలు. "పోయినా" అప్యర్థకం. "కదలకపోతే" వ్యతిరేకం. చివరి వాక్యం జరుగనిదాన్ని ఊహించి చెప్పేది. ఈ అసమాపక క్రియలను నేను ఎన్నో ఏండ్లుగా "వర్షం కురిస్తే పంటలు పండుతాయి" అన్న ఒక్క ఉదాహరణతో చెబుతూ వచ్చాను. వర్షం కురిసినా కురవకపోయినా ఆ పిల్లలకు పట్టదు. ఇక్కడ "పోతే"కూ "పోయినా"కూ తేడా తెలియకపోతే ప్రపంచ విజేత ఎవరో తేలదు. ఒక పిల్లవాడు "సి6కు పోతే దొరకదు" అని వ్రాస్తే ముగ్గురు లేచి వానితో తగవులాడారు. తెలుగు వాక్యం తప్పొప్పుల మీద మా తరగతిలో తగవు రావడం నా ఉద్యోగంలో అరుదైన సంఘటన.

శకటాలు పోయిన తరువాత మిగిలినవి రాజులు, బంట్లు. యాభై ఎనిమిదవ ఎత్తులో తెల్లరాజు ఇ3కి వస్తే నల్లరాజు ఇ5లో నిలిచాడు. నడుమ ఒక్క గడి ఖాళీ. ఎదురెదురుగా నిలిచినప్పుడు కదలవలసిన వంతు ఎవరిదో వాడే దారి విడవాలి. వంతు డింగ్‌ది. ఆట విడిచాడు. గుకేశ్ కన్నీళ్ళు తుడుచుకొంటూ పావులన్నిటినీ మొదటి గళ్ళలో సర్దాడు. దానిని పిల్లలు వీడియోలో చూశారు. ఒకరు "వీళ్ళమ్మ ఇంట్లో సర్దించి ఉంటుంది సార్" అన్నారు.

ఒక ఎదుటివాని పొరపాటు మీద వచ్చిన గెలుపు గొప్పదా అని అప్పుడు చాలామంది పెదవి విరిచారు. నా మట్టుకు ఆ ఆటను పాఠానికి ఎన్నుకోవడానికి అదే కారణం. ఆ పొరపాటు ఒక్క ఎత్తులో లేదు. శకటం మూలకు పోయినది రెండు ఎత్తుల ముందు. అప్పటికి అది తప్పు కాదు. ఏనుగు ఎఫ్2కు రావడం కూడా శకటం మరొకచోట ఉంటే ఇంత ప్రమాదం కాకపోవును. రెండూ కలిసినందున చెడినది. ఈ కారణకార్య సంబంధాన్ని ఎనిమిదవ తరగతి పిల్లవాడు నోటితో చెప్పి, చేతితో వ్రాయగలిగితే, వాని తెలుగు కుశలప్రశ్నల తెలుగు కాదు.

తండ్రిగారి ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉన్నది. ఇంట్లో మాట్లాడే తెలుగు చాలదా? అన్నం తిన్నావా, ఎక్కడికి పోతివి, అవ్వకు ఒంట్లో ఎట్లుంది అనడానికి చాలును. ఆలోచన చేయవలసిన పనులన్నీ వేరే భాషలకు అప్పగించి, పండుగ ప్రసంగాలకూ పద్యపఠన పోటీలకూ తెలుగును నిలుపుకొంటూ వచ్చిన పాపంలో మా ఉపాధ్యాయుల భాగమే ఎక్కువ. ఆ బిడ్డకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన బల్ల మీద నడుస్తుంటే, నేను తెలుగు తరగతిని ఆ బల్లకు పోటీగా పెట్టాను. పోటీలో ఓడింది నేనే. ఓడవలసిందే.

కొందరు మిత్రులు ఎ, బి, సి, డి అని గళ్ళు చెప్పడం తెలుగెట్లా అవుతుందని అడిగారు. అ, ఆ, ఇ, ఈ పెట్టుదామన్నవారూ ఉన్నారు. నాకు సమ్మతం కాదు. పిల్లవాడు రేపు పోటీలో వ్రాయవలసినది ఆ గుర్తులే. వానిని రెండు బల్లల మధ్య తిప్పడం మంచిది కాదు. పావుల పేర్ల సంగతి వేరు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమాలలోనే, పావులకు తన దేశంలో వాడుకలో ఉన్న పేరును బట్టి సంక్షిప్తాక్షరం వ్రాసుకొనే స్వేచ్ఛ ఆటగానికి ఉన్నది. ఫ్రెంచివారు మన శకటాన్ని విదూషకుడంటారు, జర్మనులు పరుగుగాడంటారు, రష్యనులు ఏనుగంటారు. ఎవరికీ సిగ్గు లేదు, మనకు మాత్రమే గుర్రాన్ని గుర్రమనడానికి నామోషీ.

మా తరగతిలో రా, మం, ఏ, శ, గు అని వ్రాస్తున్నాము. బంటుకు అక్షరం అక్కరలేదు. మంత్రిని రాణి అనేవారు మాలో సగం మంది, శకటాన్ని ఒంటె అనేవారు ఇద్దరు. రాణి అంటే రాజుతో అక్షరం కలిసిపోతుంది కనుక మంత్రి నెగ్గాడు. అంతకుమించి శాస్త్రమేమీ లేదు. పోటీలకు పోయినప్పుడు మాత్రం న్యాయనిర్ణేత చదువుకోగల ఇంగ్లీషు అక్షరాలే వ్రాయమని చెప్పాను.

ఈ పని చేయదలచిన వారికి అనుభవం మీద ఒక్క మాట. ఆటంతా ఒక్కరోజులో చెప్పించకండి. ఆరంభం పది ఎత్తులు ఒక వారం, ముగింపు ఒక వారం చాలును. ఉపాధ్యాయునికి ఆట రాకపోయినా ఫరవాలేదు, రాకపోవడమే మేలు. నాకు తెలియదు గనుకనే ఆ పిల్లవాడు విడమరచి చెప్పవలసి వచ్చింది. తెలిసినవానికి సగం మాటలతో సరిపెట్టేవాడు.

తండ్రిగారు మళ్ళీ వచ్చినప్పుడు పిల్లలు వ్రాసిన కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివారు. "ఇది మావాడు రాసిందా?" అన్నారు. తొమ్మిది మంది కలిసి వ్రాసినదన్నాను. కోచింగు మానేది లేదని స్పష్టంగా చెప్పారు. నేనూ మానమనలేదు. తెలుగు తరగతిని సాయంత్రం నాలుగు గంటలకు మార్చాను. మొన్న శనివారం వాడు వచ్చాడు, వెంట కోచింగులో పరిచయమైన ఒక తమిళ పిల్లవానిని తీసుకువచ్చాడు. ఆ అబ్బాయి గుర్రాన్ని కుదిరై అంటాడు. ఈ వారం పోటీలోని పదకొండవ ఆట పెట్టుకొన్నాము. ఆ ఆటలో తెల్లపావులు గుకేశ్‌వి.